వరిగడ్డిలోని లిగ్నిన్ - దానిని విప్పే ఎంజైములు
(పాల ఉత్పత్తిదారుల సంఘాలు గమనించవలసిన విషయాలు)

పాడి పశువు పోషణకు అయ్యే ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు మేతకే పోతుంది. ఆ మేతలో మన వరి ప్రాంతాలలో పెద్ద వాటా ఎండుగడ్డిదే. వానాకాలంలో గట్ల మీది పచ్చిక కొంత ఆదుకున్నా, సంక్రాంతి దాటినది మొదలు మృగశిర కార్తె వరకు గేదె ముందు పడేది వరిగడ్డి. కడుపు నిండుతుంది గాని పాలు దిగవు. "రోజూ గాడి నిండా గడ్డి వేస్తూనే ఉన్నామండీ, గేదెకు ఒళ్ళు పట్టదు, పాలు పెరగవు, ఎందుచేత?" అని సభ్యులు మమ్ములను తరచు అడుగుతుంటారు.

ఇటీవల సంఘాల సమావేశాలలో దీనికి తోడు మరొక ప్రశ్న కూడా వినిపిస్తున్నది. గడ్డిలోని లిగ్నిన్ అనే పదార్థమే ఈ చిక్కుకు మూలమనీ, దానిని కరిగించే ఎంజైము పొడులు వచ్చాయనీ, దాణాలో చెంచాడు కలిపితే గడ్డి దాణాతో సమానమవుతుందనీ అమ్మకందారులు చెబుతున్నారు. సంఘం నిధులతో వీటిని కొని సభ్యులకు పంచవచ్చునా అని పాలకవర్గాలవారు సలహా అడుగుతున్నారు. సంఘం సొమ్ము అంటే సభ్యుడు రెండు పూటలా పోసిన పాల నుండి మిగిలిన సొమ్ము. దానిని ఖర్చు పెట్టే ముందు లిగ్నిన్ అంటే ఏమిటో, దానిని నిజంగా విప్పగల ఎంజైములు ఏవో, అవి ఎక్కడ పని చేస్తాయో, ఎక్కడ పని చేయవో తెలుసుకొనుట అవసరం.

గడ్డిలో ఏమున్నది?

మన పల్లెలలో తడికె గోడ అందరికీ తెలిసినదే. వెదురు బద్దలు నిలిపి, వాటిని నారతో కట్టి, పైన మట్టి మెత్తుతారు. గడ్డిపోచలోని ప్రతి కణం చుట్టూ ఇటువంటి గోడే ఉంటుంది. అందులో వెదురు బద్దల వంటిది సెల్యులోజ్. నార కట్ల వంటిది హెమిసెల్యులోజ్. బద్దల సందులలోకి దిగి గట్టిపడిన మట్టి వంటిది లిగ్నిన్.

సెల్యులోజ్‌ను 1838లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల నుండి వేరు చేశాడు. ఇది చక్కెర అణువుల గొలుసు. హెమిసెల్యులోజ్ కూడా చక్కెరలతో అల్లినదే. అనగా గోడలో బద్దలూ, కట్లూ రెండూ పశువుకు ఆహారమే. లిగ్నిన్ మాత్రం చక్కెర కాదు. లాటిన్ భాషలో కట్టెను లిగ్నం అంటారు. ఆ మాట నుండే దీనికి పేరు వచ్చింది. మొక్క నిటారుగా నిలబడడానికీ, నీరు కారిపోకుండా కాండం గుండా పైకి ఎక్కడానికీ, పురుగుల నుండీ తెగుళ్ళ నుండీ రక్షణకూ లిగ్నిన్ కావాలి. కనుక మొక్క ముదిరేకొద్దీ లిగ్నిన్ పెరుగుతుంది. లేత గరిక మెత్తగా ఉండుటకు, కందికట్టె పొయ్యిలోకి తప్ప పనికిరాకపోవుటకు ఇదే ముఖ్య కారణం.

ఎండిన వరిగడ్డిలో నూటికి సుమారు 70 పాళ్ళు ఈ కణ గోడలే. లిగ్నిన్ సుమారు 5 నుండి 7 పాళ్ళు. మాంసకృత్తులు 3, 4 పాళ్ళకు మించవు. ఇక వరికి ప్రత్యేకమైనది సిలికా, అనగా ఇసుకలో ఉండే పదార్థం. వరిగడ్డిలో ఇది తరచు 10 పాళ్ళకు పైగానే ఉంటుంది. ఇతర గడ్డిజాతులలో కాండం కంటే ఆకు బాగా అరుగుతుంది. వరిలో ఆకులోనే సిలికా ఎక్కువ గనుక కాండమే ఆకు కంటే మెరుగుగా అరుగుతుంది. కాబట్టి వరిగడ్డికి తాళాలు రెండు: ఒకటి లిగ్నిన్, రెండవది సిలికా. లిగ్నిన్ తాళం తీసే ఎంజైము ఏదైనా సిలికా తాళం తీయలేదు. ఈ సంగతి పొడి డబ్బాల మీద రాసి ఉండదు.

పశువు పొట్టలో జరిగేది

ఆవుకు గాని, గేదెకు గాని సెల్యులోజ్‌ను అరిగించుకొనే శక్తి స్వతహాగా లేదు. ఆ పని దాని పెద్దపొట్టలో నివసించే కోట్లాది సూక్ష్మజీవులు చేసిపెడతాయి. వీటిలో బాక్టీరియాలు, ప్రోటోజోవాలు, కొన్ని శిలీంధ్రాలు ఉంటాయి. పెద్దపొట్టలో శిలీంధ్రాలు ఉన్నట్లు 1975లో ఇంగ్లాండులో కోలిన్ ఆర్పిన్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించే వరకు లోకానికి తెలియదు. ఈ సూక్ష్మజీవులు తమ ఎంజైములతో సెల్యులోజ్‌ను, హెమిసెల్యులోజ్‌ను చక్కెరలుగా విడగొట్టి, వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలలో ఎసిటిక్ ఆమ్లం పాలలోని వెన్నకు ముడిసరుకు. సంఘంలో మనం పరీక్షించే కొవ్వు శాతానికీ, పొట్టలో పీచు అరుగుదలకూ సంబంధం ఇక్కడ ఉన్నది.

ఎంజైము అంటే ఏమిటో కూడా ఒక మాట. జీవులు తమ శరీరంలోని రసాయన మార్పులను త్వరగా జరిపించుకొనుటకు తయారు చేసుకొనే ఒక రకం మాంసకృత్తే ఎంజైము. పాలు విరిచి జున్నుగడ్డ చేయుటకు వాడే రెన్నెట్‌లో పని చేసేది ఎంజైమే. ఒక ఎంజైము సాధారణంగా ఒక రకం పనే చేస్తుంది. సెల్యులోజ్‌ను కోసేది లిగ్నిన్‌ను ముట్టదు. అధిక వేడికి ఎంజైము చెడిపోతుంది. మాంసకృత్తు గనుక పొట్టలోని సూక్ష్మజీవులకు అది ఆహారం కూడా కాగలదు.

పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల వద్ద బద్దలనూ, కట్లనూ కోసే కత్తులు సమృద్ధిగా ఉన్నాయి. ఆ కత్తులు బద్దను చేరాలంటే పైనున్న మట్టి అడ్డం. అందుచేత తిన్న గడ్డిలో సగానికి పైగా పేడలోనే పోతుంది. పొట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది గనుక పశువు మరింత గడ్డి తినలేదు. లిగ్నిన్ విషం కాదు. అది అరగదు, అరిగేవాటిని అరగనీయదు. అసలు చిక్కు అది.

లిగ్నిన్‌ను తినేవారెవరు?

అడవిలో పడిన చెట్టు ఏనాటికైనా మట్టిలో కలుస్తుంది గదా! కనుక లిగ్నిన్‌ను విప్పగల జీవులు ప్రకృతిలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి తెల్లకుళ్ళు శిలీంధ్రాలు. ఇవి సోకిన కట్టె నల్లబడక, తెల్లగా, పీచుపీచుగా, దూదివలె మెత్తబడుతుంది. మన మార్కెట్లలో అమ్మే ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఈ కుటుంబంలోనిదే.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు దక్షిణ ప్రాంతపు వాన అడవులలో ఇటువంటి శిలీంధ్రం పట్టిన చెట్ల మొద్దులు కనబడతాయి. ఏళ్ళ తరబడి లిగ్నిన్ హరించుకుపోయిన ఆ తెల్లని కట్టెను పశువులు తింటాయి. అక్కడివారు దానిని "పాలో పోద్రిదో", అనగా కుళ్ళిన కట్టె, అని పిలుస్తారు. కట్టె సైతం మేత కాగలదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే ఆ మార్పుకు ఏళ్ళు పట్టాయని కూడా మరువరాదు.

అంత దూరం పోనవసరం లేదు. మన పొలాల గట్ల మీద చెదపుట్టలు చూస్తూనే ఉన్నాము. ఆ చెదపురుగులలో కొన్ని జాతులు తాము నమిలిన కట్టె, ఆకు, గడ్డి పదార్థాన్ని పుట్ట లోపల అరలలో పేర్చి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. ఆ శిలీంధ్రం గట్టి పదార్థాన్ని మెత్తబరచిన తరువాత చెదలు దానిని తింటాయి. తొలకరి వానలకు పుట్ట మీద లేచే గొడుగులు ఆ తోటలోని శిలీంధ్రానివే. పుట్టగొడుగు అన్న పేరే మన పెద్దలు దీనిని గమనించి పెట్టినది. ఇక్కడ సభ్యులు గుర్తించవలసినది ఒకటి ఉన్నది. చెద ఆ శిలీంధ్రాన్ని తన పొట్టలో గాక, గాలి ఆడే పుట్టలో పెంచుతున్నది. కారణం ఇప్పుడు చెబుతాము.

ఎంజైములు ఎట్లు పని చేస్తాయి?

లిగ్నిన్‌పై పని చేయగల ఎంజైములలో మొదట బయటపడినది లాకేజ్. 1883లో జపాను శాస్త్రజ్ఞుడు యోషిదా లక్క పాలు కారే చెట్టు రసంలో దీనిని గుర్తించాడు. తరువాత ఇది అనేక శిలీంధ్రాలలో కూడా ఉన్నట్లు తెలిసింది. సరిగా నూరేళ్ళకు, 1983లో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మింగ్ టీన్, కెంట్ కిర్క్ అనేవారూ, ఆరెగన్ రాష్ట్రంలో మైకేల్ గోల్డ్ బృందమువారూ వేరువేరుగా ఒక తెల్లకుళ్ళు శిలీంధ్రం నుండి లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును కనుగొన్నారు. మరుసటి ఏడు, 1984లో, మాంగనీస్ పెరాక్సిడేజ్ బయటపడింది.

ఈ మూడింటి పని తీరు సెల్యులోజ్ ఎంజైముల వంటిది కాదు. సెల్యులోజ్ గొలుసులో లంకెలన్నీ ఒకే తీరున ఉంటాయి. ఒకే కత్తి వాటినన్నింటిని కోయగలదు. లిగ్నిన్‌లో లంకెలు పలు రకాలు, క్రమం లేని అల్లిక. దానికి అమరే కత్తి లేదు. అందుచేత ఈ ఎంజైములు లిగ్నిన్‌ను కోయవు, ఒక విధంగా కాలుస్తాయి. దాని నుండి ఎలక్ట్రానులను లాగివేసి అల్లికను దానంతటది తెగిపోయేట్లు చేస్తాయి. మంటకు గాలి ఎట్లు కావాలో, ఈ పనికి ఆక్సిజన్ అట్లు కావాలి. లాకేజ్ ఆక్సిజన్‌ను నేరుగా వాడుకుంటుంది. పెరాక్సిడేజ్‌లకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. శిలీంధ్రం దానిని ఆక్సిజన్ నుండే తయారు చేసుకుంటుంది.

పశువు పెద్దపొట్టలో ఆక్సిజన్ దాదాపు లేనే లేదు. అక్కడి సూక్ష్మజీవులు గాలి లేనిచోట బ్రతికేవి. మూత వేసిన కుండలో దీపం ఎట్లు వెలగదో, పెద్దపొట్టలో లిగ్నిన్ ఎంజైము అట్లు పని చేయదు. పైగా అక్కడి సూక్ష్మజీవులు ఆ ఎంజైమును కూడా మాంసకృత్తుగా ఎంచి తినివేయగలవు. కనుక "దాణాలో కలపండి, పొట్టలో లిగ్నిన్ కరుగుతుంది" అనే మాట ఎవరు చెప్పినా నమ్మదగినది కాదు.

పొట్ట బయట, గడ్డి మీద చల్లితే? అక్కడ గాలి ఉన్నది, నిజమే. కాని ఎంజైము అణువు చాలా పెద్దది. గట్టి కణ గోడలోని సన్నని రంధ్రాలలోకి అది దూరలేదు, పైపైననే ఆగిపోతుంది. శిలీంధ్రమైతే బ్రతికి ఉండి, దారాల వంటి తన వేళ్ళను లోనికి దింపుతూ, ఎంజైములనూ వాటికి కావలసిన సహాయక పదార్థాలనూ అక్కడికక్కడ వదులుతూ వారాల తరబడి పని చేస్తుంది. డబ్బాలోని పొడికి ఆ ప్రాణం లేదు.

ఇక సెల్యులోజ్‌నూ, హెమిసెల్యులోజ్‌నూ కోసే ఎంజైములను దాణాలో కలిపే పద్ధతి వేరు. దానిపై పలు దేశాలలో పరిశోధనలు జరిగాయి. కొన్నింట పాలు కొంత పెరిగాయి, కొన్నింట మార్పు కనబడలేదు. మేత రకం, పశువు స్థితి, ఎంజైము మోతాదు, కలిపే తీరును బట్టి ఫలితం మారుతుంది. అటువంటి పొడిని లిగ్నిన్‌ను కరిగించేదని చెప్పి అమ్ముట మాత్రం సరి కాదు.

పరిశోధన ఎంత వరకు వచ్చినది?

మన దేశంలో ఈ దిశలో కృషి జరుగుతూనే ఉన్నది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో గడ్డిని ముందు యూరియాతో మెత్తబరచి, తరువాత కోప్రినస్ జాతి శిలీంధ్రాన్ని పెంచే పద్ధతిని పరీక్షించారు. బెంగుళూరులో 1995లో ఏర్పడిన జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థలో లిగ్నిన్ ఎంజైములతో గడ్డిని మెరుగుపరచుటపై పని చేస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో, లిగ్నిన్‌ను ఎక్కువగా తిని సెల్యులోజ్‌ను ఎక్కువగా మిగిల్చే శిలీంధ్రాల కోసం ఎంపిక చేస్తున్నారు.

అడ్డంకి ఎక్కడున్నదంటే, శిలీంధ్రం లిగ్నిన్‌ను తిని బ్రతకలేదు. దానిని కాల్చడానికి కావలసిన శక్తిని హెమిసెల్యులోజ్ నుండీ, సెల్యులోజ్ నుండీ తీసుకుంటుంది. అనగా తాళం తీసిన కూలి క్రింద ఇంట్లోని ధాన్యంలో కొంత పట్టుకుపోతుంది. పుట్టగొడుగులు కోసిన తరువాత మిగిలిన గడ్డి అందుచేతనే ప్రతిసారీ మంచి మేత కాదు. గడ్డి బరువు తగ్గుతుంది, బూడిద పాలు పెరుగుతుంది. ఇతర బూజులు చేరకుండా గడ్డిని శుద్ధి చేయుట, వారాల తరబడి తేమ, వేడి సరిగా ఉంచుట పల్లెలో తేలిక కాదు.

పెద్ద కర్మాగారాల సంగతి కూడా చూడండి. హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ సంస్థవారు 2022 ఆగస్టులో వరిగడ్డి నుండి ఇథనాలు తీసే కర్మాగారాన్ని ప్రారంభించారు. సంవత్సరానికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డి వాడి, సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయుట దాని లక్ష్యం. ఇటువంటి కర్మాగారాలలో సైతం లిగ్నిన్ అడ్డును ఎంజైములతో తొలగించరు. వేడి, పీడనం, రసాయనాల సాయంతో ముందు గడ్డి గోడలను విప్పి, ఆ తరువాతనే సెల్యులోజ్ ఎంజైములను వాడతారు. కోట్ల పెట్టుబడి, నిపుణులు ఉన్నచోట సాధ్యపడనిది చెంచాడు పొడితో మన గాడిలో సాధ్యపడుతుందనుట ఎంత వరకు నమ్మదగినదో సభ్యులే ఆలోచించగలరు.

బూజు పట్టిన గడ్డి తినిపించరాదు

ఇక్కడ ఒక హెచ్చరిక. శిలీంధ్రాలు గడ్డిని మెత్తబరుస్తాయని చదివి, వానకు తడిసి బూజు పట్టిన గడ్డి కూడా మంచిదేనని ఎవరూ అనుకోరాదు. శాస్త్రజ్ఞులు వాడేది ఎంపిక చేసి పెంచిన శిలీంధ్రం. మన వామిలో పట్టే బూజు ఏదో మనకు తెలియదు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక కొస, చెవుల అంచులు కుళ్ళి, కాళ్ళు పగిలి, గిట్టలు ఊడే జబ్బు ఉత్తరాదిన చాలాకాలంగా ఉన్నది. దేగ్ నాలా అనే వాగు పరిసరాలలో మొదట గుర్తించినందున దీనిని దేగ్నాలా వ్యాధి అంటారు.

అట్లే బూజు పట్టిన వేరుశెనగ చెక్క, మొక్కజొన్నలలో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టి, పశువు ద్వారా పాలలోకి దిగుతుంది. కాచినా అది పోదు. పాలలో ఈ విషం కిలోకు 0.5 మైక్రోగ్రాముకు మించరాదని మన దేశపు ఆహార నిబంధన. ఒక ఇంటి బూజు చెక్క సంఘం క్యాను మొత్తానికి మచ్చ తేగలదు.

చేతనైన మార్గం - యూరియా పద్ధతి

మరి లిగ్నిన్ తాళానికి మనవద్ద ఉపాయమే లేదా? ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దాణా కరువైన జర్మనీలో క్షారాలతో గడ్డిని మెత్తబరచే యత్నాలు సాగాయి. 1921లో బెక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు కాస్టిక్ సోడాతో చేసే పద్ధతిని ప్రకటించాడు. ఆ మార్గంలోనే వచ్చినది యూరియా పద్ధతి. తడిపిన గడ్డిలో యూరియా అమ్మోనియాగా మారుతుంది. ఆ అమ్మోనియా లిగ్నిన్‌ను కరిగించదు. లిగ్నిన్‌కూ హెమిసెల్యులోజ్‌కూ మధ్యనున్న లంకెలను కొన్నింటిని తెంపుతుంది. తడికెను అంటిన మట్టి పూర్తిగా పోదు గాని పగుళ్ళు ఇస్తుంది. ఆ పగుళ్ళలో నుండి పొట్టలోని సూక్ష్మజీవులు బద్దలను చేరుకుంటాయి.

విశేషమేమంటే, ఇక్కడ కూడా పని చేసేది ఒక ఎంజైమే. యూరియాను అమ్మోనియాగా మార్చేది యూరియేజ్. తమ్మకాయ జాతి గింజల నుండి దీనిని 1926లో జేమ్స్ సమ్నర్ స్ఫటికాలుగా తీశాడు. ఆ విధంగా మొదట స్ఫటికరూపంలో దొరికిన ఎంజైము ఇదే. దీనిని కొననవసరం లేదు. గడ్డిని అంటి ఉండే సూక్ష్మజీవులలోనే అది ఉన్నది.

చేయు విధానం:

1. ఎండిన, శుభ్రమైన వరిగడ్డి 100 కిలోలు, యూరియా 4 కిలోలు, నీరు 50 లీటర్లు తూచి, కొలిచి తీసుకొనవలెను. ఉజ్జాయింపు పనికిరాదు.

2. యూరియా పూర్తిగా కరిగే వరకు నీటిలో కలపవలెను.

3. నేల మీద పాలిథిన్ పట్ట పరచి, గడ్డిని పలుచని వరుసగా వేసి, జల్లెడ మూతి గల డబ్బాతో ద్రావణాన్ని సమంగా చల్లి, గాలి పోయేట్లు తొక్కవలెను. ఇట్లు వరుస మీద వరుస వేయవలెను.

4. పైన పాలిథిన్ పట్ట కప్పి, అంచులకు మట్టి వేసి, గాలి చొరకుండా 21 రోజులు ఉంచవలెను.

5. ఒక వైపు నుండి తెరచి, పూటకు కావలసినంత తీసి, గంటసేపు ఆరబెట్టి, ఘాటు తగ్గిన తరువాత వేయవలెను. బాగా మాగిన గడ్డి పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఎక్కడైనా బూజు కనబడితే ఆ భాగం తీసి పారవేయవలెను.

6. మొదటి వారం మామూలు గడ్డితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. త్రాగుటకు నీరు పుష్కలంగా ఉంచవలెను.

ఇట్లు చేసిన గడ్డిలో మాంసకృత్తుల విలువ 3, 4 పాళ్ళ నుండి 7, 8 పాళ్ళకు వస్తుంది. అరుగుదల సాధారణంగా నూటికి 10 పాళ్ళ వరకు పెరుగుతుంది. పశువు మునుపటి కంటే ఎక్కువ గడ్డి తినగలదు. 45 కిలోల యూరియా బస్తాతో సుమారు 1,100 కిలోల గడ్డిని మాగబెట్టవచ్చును. రోజుకు 6 కిలోల చొప్పున ఒక గేదెకు ఇది ఆరు నెలల గడ్డి.

జాగ్రత్తలు: ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వేయరాదు. యూరియా నీళ్ళను అప్పటికప్పుడు గడ్డి మీద చల్లి తినిపించరాదు. బెల్లపు మడ్డి గాని, బెల్లం నీళ్ళు గాని కలిపి మాగబెట్టరాదు; పచ్చిమేతను ఈ పద్ధతిలో మాగబెట్టరాదు. తీపి, అమ్మోనియా కలిసినచోట పశువుకు వెర్రి పుట్టించే విషం ఏర్పడగలదు. మిగిలిన ద్రావణాన్నీ, యూరియా బస్తానూ పశువులకు, పిల్లలకు అందనిచోట ఉంచవలెను. పశువు యూరియా నీళ్ళు త్రాగి, కడుపు ఉబ్బి, నురగ కక్కుతూ వణుకుతున్నచో క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలవవలెను.

ఈ పద్ధతి అందరికీ అన్ని వేళలా లాభమని మేము చెప్పుట లేదు. పచ్చిమేత సమృద్ధిగా ఉన్నవారికి ఈ శ్రమ అవసరం లేదు. గడ్డి దండిగా ఉండి, పచ్చిమేత కొరవడి, నీరూ మనుషులూ అందుబాటులో ఉన్నచోట ఇది బాగా ఉపకరిస్తుంది. సిలికా తాళం దీనితోనూ తెరుచుకోదు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియమును పట్టివేస్తాయి గనుక ఖనిజ లవణాల మిశ్రమం తప్పక ఇవ్వవలెను. గడ్డిని ముక్కలు చేసి వేస్తే లిగ్నిన్ తగ్గదు గాని వృథా తగ్గుతుంది.

అన్నింటికంటే తేలికైన మార్గం మరొకటి ఉన్నది: లిగ్నిన్ ముదరకముందే కోయుట. మేత జొన్నను సగం పూత వచ్చిన దశలోనూ, నేపియర్ గడ్డిని మొదటి కోత తరువాత 40, 45 రోజులకొకసారీ కోసినచో లిగ్నిన్ తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి. లేతదని మరీ ముందుగా జొన్న వేయరాదు. ముఖ్యంగా బెట్టకు గురైన లేత జొన్నతో నాము తగిలే ప్రమాదమున్నది.

సంఘాలు చేయవలసినవి

లిగ్నిన్ పొడి అమ్ముటకు వచ్చినవారిని పాలకవర్గం ఈ ప్రశ్నలు వేయవలెను. ఇందులో ఉన్న ఎంజైము పేరేమి? అది లిగ్నిన్‌పై పని చేసేదా, సెల్యులోజ్‌పైనా? ఆక్సిజన్ లేని పొట్టలో అది ఎట్లు పని చేస్తుంది? మన ఎండలలో గదిలో ఎన్నాళ్ళు నిలువ ఉంటుంది? పొడి వేసిన పశువులనూ, వేయని పశువులనూ పోల్చి ఏ సంస్థ పరీక్షించింది?

సమాధానం సంతృప్తికరంగా ఉన్నా, వెంటనే సంఘం చెక్కు వ్రాయవద్దు. ఒకే ఈత, ఒకే పాల దిగుబడి గల పది పశువులను ఎన్నుకొని, అయిదింటికి వేసి, అయిదింటికి వేయక, మిగిలిన మేపు ఒకే తీరున ఉంచి, మూడు వారాలు పాలు, కొవ్వు, ఎస్.ఎన్.ఎఫ్. నమోదు చేయండి. తరువాత మూడు వారాలు అటువి ఇటు మార్చండి. ఆ పొడిని అమ్మకందారే ఇవ్వవలెను. సంఘం పరీక్ష యంత్రం, మన పాల రిజిస్టరు ఉండగా మరొకరి మాట మీద ఆధారపడనక్కరలేదు. లెక్క తేలిన తరువాత తీర్మానం చేయవచ్చును.

లిగ్నిన్ ఎంజైములు నిజమైనవే. వాటి మీద శాస్త్రజ్ఞులు చేస్తున్న కృషి కూడా విలువైనదే. ఏనాటికైనా ఆ కృషి ఫలించి, పల్లెలో సులువుగా చేయగల పద్ధతి వచ్చినచో మన సభ్యులకే ముందుగా లాభం. అంతవరకు తూచిన యూరియా, గాలి చొరని పట్ట, వేళకు కోసిన పచ్చిమేత, ఖనిజ లవణాలు - వీటితోనే పని జరుపుకొనవలసి ఉన్నది.

ఎండలు ముదిరి పచ్చిమేత తరగకముందే ప్రతి సంఘమూ ఒక సభ్యుని దొడ్డిలో 100 కిలోల గడ్డితో యూరియా పద్ధతిని చేసి చూపుటకు స్థానిక పశువైద్యుని సహాయం కోరవలెను. కార్యదర్శులు ఈ వ్యాసంలోని విధానాన్నీ, జాగ్రత్తలనూ పాల సేకరణ కేంద్రం వద్ద గోడకు అంటించి, చదువు రాని సభ్యులకు చదివి వినిపించ ప్రార్థన.